కొండమీది యిల్లు: డాక్టరు ఐడా స్కడ్డరమ్మగారి ముదిమి

చదువవలసిన వాక్యభాగము: 2 సమూయేలు 19:31–39



అబ్షాలోము తిరుగుబాటు అణగిన తరువాత దావీదు రాజు యొర్దాను దాటి తిరిగి వచ్చుచుండగా, బర్జిల్లయి అను ఎనుబదియేండ్ల ముసలివాడు ఆయనను సాగనంప వచ్చెను. రాజు మహనయీములో దిక్కులేక యున్న దినములలో ఆహారము పంపి పోషించినవారిలో ఇతడొకడు. రాజు ఆ మేలు మరువలేదు. యెరూషలేమునకు వచ్చి తన దగ్గరనే సుఖముగా నుండుమని పిలిచెను. అటువంటి పిలుపు వచ్చినయెడల మనలో ఎవరు కాదందుము? అయితే బర్జిల్లయి మర్యాదగా వద్దనెను. తనకు రుచి తెలియదనియు, వినికిడి తగ్గినదనియు దాచక ఒప్పుకొనెను. తన ఊరిలోనే కన్నుమూయుట చాలుననెను. నదివరకు కొంచెము దూరము తోడు వచ్చి, రాజు తనకు చేయదలచిన మేలు కింహాము అను పడుచువానికి చేయవలెనని వేడుకొనెను. రాజు నొచ్చుకొనలేదు. ఆ ముసలివాని మాట మన్నించి, ముద్దుపెట్టుకొని, దీవించి పంపెను.

ఈ కథలో రాజు ప్రేమ గొప్పదే. ముసలివాని మనస్సు కూడ గొప్పదే. దేనిని విడిచిపెట్టవలెనో, దేనిని ఉంచుకొనవలెనో, ఎంత సహాయము పుచ్చుకొనవలెనో అతడు దేవుని యెదుట తానే తెలిసికొని చెప్పెను. కాళ్ళలో బలము తగ్గినను మనస్సు ఒకరి చేతిలో బొమ్మ కాలేదు. ముదిమిలో స్వాతంత్ర్యమనగా ఇదియేనని మేము తలంచుచున్నాము.

మా సదుం చుట్టుపట్ల పల్లెలలో ఈ మాట చాల అవసరమైయున్నది. పిల్లలు బెంగుళూరికో, కువైటుకో పనికి పోయిరి. ఇంటివద్ద అవ్వయు తాతయు మిగిలిరి. కొన్ని ఇండ్లలో కొడుకులు తల్లిని నెలకొకరు చొప్పున వంతులు వేసికొందురు. నెల మొదటి తారీఖున పింఛను వచ్చును, వేలిముద్ర అవ్వది, డబ్బు ఎవరి చేతికి పోవునో అందరికిని తెలియును. తలిదండ్రులను పోషింపవలెనని 2007లో ప్రభుత్వము చట్టము చేసెను. చట్టము అన్నము పెట్టించగలదు. అయితే అమ్మా, నీకేమి కావలెనని అడుగునట్లు చేయలేదు. మరియొక ప్రక్క, ఉద్యోగము ముగిసినను పెత్తనము విడువలేని పెద్దలును కలరు. సంఘములో గాని బడిలో గాని తామే ఇంకను కూర్చుండవలెనని పట్టుబట్టి, పడుచువారిని లేవనీయరు. ఒకరు తమ మనస్సును పోగొట్టుకొనిరి, మరియొకరు తమ కుర్చీని విడువలేకపోయిరి. ఇద్దరికిని నెమ్మది లేదు.

గనుక ఈ నెల మనమందరము పేరు విన్న ఒక అమ్మగారి వార్ధక్యమును ధ్యానింతము. మన ప్రాంతములో జబ్బు ముదిరినయెడల చిత్తూరు మీదుగా రాయవేలూరు ఆసుపత్రికి పోవుట తాతలనాటినుండి వాడుక. ఆ ఆసుపత్రిని స్థాపించిన డాక్టరు ఐడా స్కడ్డరమ్మగారు పడుచుతనములో చేసిన పని అనేకులు చెప్పుదురు. ఆమె పని దిగిన తరువాత జీవించిన పదునాలుగు ఏండ్లను గూర్చి చెప్పువారు తక్కువ.

ఆమె 1870 డిసెంబరు 9వ తేదీన రాణిపేటలో జన్మించెను. తాతగారైన డాక్టరు జాన్ స్కడ్డరు 1819లో అమెరికానుండి సింహళమునకు వచ్చిన మిషనరీ వైద్యుడు. ఆయన కుమారులు స్థాపించిన ఆర్కాటు మిషనే మదనపల్లె, పుంగనూరు, పలమనేరులలో కూడ సువార్తపని చేసినది. కాబట్టి ఆమె కుటుంబము మన సంఘములకు పరాయిది కాదు. 1876–78 నాటి గొప్ప కరవులో చిన్నపిల్లగానున్న ఐడా ఆకలిగొన్న పిల్లలకు రొట్టెముక్కలు పెట్టెను. ఆ దృశ్యము ఆమెను భయపెట్టినది. పెద్దదై అమెరికాలో చదువుకొనుచుండగా తాను మిషనరీ కానేకానని తీర్మానించుకొనెను.

1890లో తల్లికి జబ్బుగా నున్నదని విని ఆమె తిండివనమునకు వచ్చెను. అక్కడ ఒక రాత్రి ముగ్గురు మనుష్యులు ఒకరి వెంట ఒకరు వచ్చి తలుపు తట్టిరి. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు మహమ్మదీయుడు, ఒకరు మరియొక కులమునకు చెందిన హిందువు. ముగ్గురి భార్యలును ప్రసవవేదనతో నుండిరి. ఐడా తండ్రి వైద్యుడే అయినను, పురుషుడు తమ స్త్రీలను చూడరాదనిరి. ఆమెనే రమ్మని వేడుకొనిరి. ఆమెకు వైద్యము తెలియదు. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. ఆ రాత్రి ఆమె తన తీర్మానమును దేవునికి అప్పగించి, వైద్యము నేర్చుకొనుటకు తిరిగిపోయెను.

1899లో పట్టము పుచ్చుకొని, 1900 జనవరిలో రాయవేలూరు చేరెను. అదే సంవత్సరము తండ్రి మరణించెను. మిషను బంగళాలోని ఒక చిన్న గదిలో రోగులను చూచుట ప్రారంభించెను. 1902లో 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరవబడెను. 1909లో నర్సుల బడి మొదలాయెను. మోటారుబండి వచ్చిన తరువాత గుడియాత్తం దారిలో చెట్లక్రింద ఆగి, దారిప్రక్క కాచుకొనియున్న పల్లెటూరి రోగులకు మందులిచ్చుచు పోయెడిది. 1918లో స్త్రీల కొరకు వైద్య పాఠశాల తెరచినప్పుడు, ముగ్గురు పిల్లలు దొరికితే గొప్ప అని పెద్ద అధికారులు నవ్విరి. 151 మంది దరఖాస్తు పెట్టుకొనిరి. ఈ సంగతులు మీరు బడి పుస్తకములలోను ప్రసంగములలోను వినియుందురు గనుక ఇంతటితో చాలించి, ముదిమికి వచ్చెదము.

ఆమెకు అరువదియేడు ఏండ్లు నిండిన దినములలో ఒక పెద్ద దెబ్బ తగిలెను. డిప్లొమా ఇచ్చు వైద్యపాఠశాలలు ఇక చెల్లవనియు, యూనివర్సిటీ పట్టము ఇచ్చు కళాశాలలే ఉండవలెననియు మద్రాసు ప్రభుత్వము నిర్ణయించెను. దానికి మరి ఎక్కువ మంది ఉపాధ్యాయులు, మరి ఎక్కువ పడకలు, మరి ఎక్కువ ధనము కావలెను. లేనియెడల ఇరువది యేండ్ల పని మూతబడవలసినదే. ఆ వయస్సులో మన ఊళ్ళలో చాలమంది ఇక నాతో కాదని అరుగుమీద చేరబడుదురు. ఆమె యుద్ధకాలములో అమెరికాకు పోయి, డెబ్బది దాటిన వయస్సులో పట్టణము వెంట పట్టణము తిరిగి సంఘములయెదుట చేయి చాచెను. 1942లో కళాశాల తరగతులు ఆరంభమాయెను.

అయితే అడుగుటకంటె కష్టమైన పని ఒకటి ఆమెకు మిగిలియుండెను. ఆ మూడు తలుపుచప్పుళ్ళ రాత్రినుండి, ఇది స్త్రీలచేత స్త్రీల కొరకు జరుగు పని అని ఆమె పట్టుకొనియుండెను. కళాశాల బ్రదుకవలెనన్నచో అనేక మిషనులు కలిసి భారము మోయవలెను, పురుషులకు కూడ తలుపు తెరువవలెను. ఎన్నో ఏండ్లు ధనసహాయము చేసిన స్నేహితురాండ్రలో కొందరికి ఇది బొత్తిగా ఇష్టము లేకపోయెను. ఐడా అమ్మగారు ఒప్పుకొనెను. తన చేతులతో పెంచిన పని తన ఊహను మించి పెరుగుటకు చోటిచ్చెను. సహోదరులారా, పిల్లలను కని పెంచుట ఒకటి. వారు మన మాటప్రకారము కాక, దేవుడు చూపిన ప్రకారము నడువబోవునప్పుడు దీవించుట మరియొకటి. రెండవదానికే ఎక్కువ బలము కావలెను.

1946లో, డెబ్బదియైదేండ్ల వయస్సున, ఆమె పని దిగెను. నలుబదియారు ఏండ్లు ఒకే ఊరిలో తెల్లవారినది మొదలు రాత్రివరకు చేసిన పనిని విడుచుట సులభమని ఎవరును తలంపరాదు. మన పల్లెలో ముప్పది యేండ్లు పాఠము చెప్పిన పంతులుగారు పింఛను పుచ్చుకొన్న మరునాడు, గంట వినబడగానే లేచి చొక్కా తొడుగుకొని, మరల కూర్చుండుట మేము చూచియున్నాము. పేరుకు ముందున్న ఉద్యోగము పోయినప్పుడు, పేరు కూడ పోయినట్లు కొందరికి తోచును.

ఆమె చేసిన మొదటి పని, దూరముగా పోవుట. రాయవేలూరినుండి రెండువందల మైళ్ళకు పైగా దూరమున, పళని కొండలపైన, ఏడువేల అడుగుల యెత్తుననున్న కోడైకెనాలులో హిల్‌టాప్ అను ఇంటికి చేరెను. ఆ పేరునకు కొండకొన అని అర్థము. ఆసుపత్రి ఆవరణములోనే గది పుచ్చుకొని, రోజును వరండాలో కూర్చుండి, వచ్చినవారినెల్ల అడిగి, అది అట్లు కాదు, మా కాలములో ఇట్లు అని చెప్పుచు నుండవచ్చును. ఎవరును ఆమెను కాదనియుండరు. అయినను ఆమె కొండయెక్కెను. ఆమె వెనుక కొద్ది కాలములోనే విశాఖపట్నములో పుట్టిన డాక్టరు హిల్డా లాజరస్ అమ్మగారు ఆ సంస్థకు మొదటి భారతీయ డైరెక్టరై, 1954 వరకు నడిపించిరి. మన తీరమున పుట్టిన ఒక స్త్రీ చేతికి ఆ భారము వచ్చుట చూచుటకు స్థాపకురాలు బ్రదికియుండుట దేవుని కృప. బర్జిల్లయి కింహామును ముందుకు పంపినట్లే ఇదియు.

ఆమె చేసిన రెండవ పని, ఉంచుకొనవలసినవి ఉంచుకొనుట. ఆమెకు పెండ్లి లేదు. బిడ్డలు లేరు. ఎన్నో ఏండ్లు ఆమెతో కలిసి పనిచేసి, ఒకే ఇంట నివసించిన మిస్ గెర్‌ట్రూడ్ డాడ్ గారు ఆమెకంటె ముందే ప్రభువునొద్దకు పోయియుండిరి. అయినను హిల్‌టాప్ మూగయిల్లు కాలేదు. తోటలో పూలుండెను. అతిథులుండిరి. చదువవలసిన ఉత్తరములును, వ్రాయవలసిన జవాబులును ఉండెను. డాక్టరు ఐడా, ఇండియా అని మాత్రమే పైన వ్రాసిన ఒక ఉత్తరము ఈ విశాల దేశములో ఆమెను వెదకికొనుచు వచ్చి చేరినదని చెప్పుదురు. పడుచుతనమునుండి ఆమెకు టెన్నిసు ఆట యిష్టము. ఎనుబది దాటిన తరువాత కూడ ఆమె బంతి కొట్టెడిదని, ఆడవచ్చిన పడుచువారు ముసలమ్మయని తేలికగా చూచి ఓడిపోయెడివారని ఆమెను ఎరిగినవారు చెప్పిరి. ఇది విని నవ్వుకొందుము గాని, ఇందులో పాఠమున్నది. వయస్సు వచ్చినదని సంతోషించు హక్కును ఆమె ఎవరికిని అప్పగించలేదు. 1952లో అమెరికాలోని న్యూయార్కు నగరమున ఆ యేటి ప్రసిద్ధ స్త్రీవైద్యులలో ఒకరిగా ఆమెను ఎన్ని గౌరవించిరి. అప్పటికి పని దిగి ఆరేండ్లాయెను.

మూడవది, పుచ్చుకొనవలసినది పుచ్చుకొనుట. ఎవరి సహాయమును అక్కరలేదనుట స్వాతంత్ర్యము కాదు, అది గర్వము. ఆమె జీవితమంతయు ఇతరులకు సహాయము చేసినదే గాని, ఆ సహాయమునకు కావలసిన ప్రతి రూపాయియు ఒకరిని అడిగి పుచ్చుకొన్నదే. షెల్ ఆసుపత్రి గోడలు భార్యను పోగొట్టుకొన్న ఒక వృద్ధుని కానుకతో లేచినవి. అడుగుట నేర్చినవారికే ముదిమిలో పుచ్చుకొనుట కూడ తెలియును. ఆమె తల్లియైన సోఫియా అమ్మగారు సహా భర్త పోయిన తరువాత స్వదేశమునకు తిరిగిపోక, రాయవేలూరిలో కుమార్తె ఇంటనే తన ముదిమిని గడిపెను. కుమార్తె ఆ పాఠమును తన ఇంటనే చూచినది.

1960 మే నెలలో, ఎనుబదితొమ్మిదవ యేట, ఐడా అమ్మగారు హిల్‌టాప్ ఇంట ప్రభువునందు నిద్రించెను. ఆమె దేహమును రాయవేలూరికి తెచ్చిరి. కులము మతము అనక ఊరంతయు వీధులలో నిలిచి ఆమెను సాగనంపెను. ఆమె స్థాపించిన కళాశాల తన ధ్యేయవాక్యమును మత్తయి సువార్త 20వ అధ్యాయము 28వ వచనమునుండి తీసికొనెను. ఆ వచనము ఇంటివద్ద తెరచి చదివికొనుడి.

ఇప్పుడు మీలో ఒకరు ఇట్లనవచ్చును: అయ్యగారూ, ఆమె దొరసాని, కొండమీద ఇల్లున్నది, చూచుకొనువారున్నారు, మాకు కారుచున్న కప్పును, మోకాళ్ళ నొప్పియు, మొదటి తారీఖు పింఛనును తప్ప ఏమున్నది? ఇది న్యాయమైన మాట. చేతిలో పైసా లేనివానికి మనస్సు మాత్రము నిబ్బరముగా నుంచుకొమ్మని చెప్పుట యాకోబు పత్రికలో ఖండింపబడిన భక్తి. కాబట్టి మేము మా తప్పును ఒకటి ఒప్పుకొని, దానినుండి నేర్చుకొన్నది చెప్పెదము.

మా సంఘములో ఒక విధవరాలు ఒంటరిగా నుండెను. కండ్లు మసకబారినవి. సంఘ పెద్దలమందరము కూడి, అవ్వ పొయ్యి ముట్టించుకొనరాదని తీర్మానించి, ఇంటికొక దినము చొప్పున అన్నము పంపుటకు వంతులు వేసితిమి. మంచి పని చేసితిమని సంతోషించితిమి. పది దినములు గడచినవి. ఒక ఉదయము ఆమె కడిగిన గిన్నెలన్నియు తట్టలో పెట్టుకొని మా వాకిటికి వచ్చెను. కోపపడలేదు. తాను ఇంకను సంగటి కెలుకుకొనగలననియు, తనకు లేనిది అన్నము కాదు కండ్లనియు చెప్పెను. సాయంత్రము ఎవరైన ఒక బిడ్డ వచ్చి ఒక అధ్యాయము చదివి వినిపించినయెడల చాలుననియు, కుళాయినుండి రెండు బిందెల నీళ్ళు తెచ్చిపెట్టినయెడల మేలనియు, ఆదివారము గుడి ఊడ్చుపని మాత్రము తననుండి తీసివేయవద్దనియు అడిగెను. మేమందరము కూడి ఆలోచించితిమి, ప్రార్థించితిమి, తీర్మానించితిమి. ఆమెను అడుగుట ఒక్కటే మరచితిమి. రాజైన దావీదు బర్జిల్లయి మాట వినెను. మేము గ్రామ సంఘపు పెద్దలమై యుండి వినకపోతిమి.

అప్పటినుండి మేము నేర్చుకొన్నవి మూడు మాటలుగా చెప్పెదము.

వయస్సు మళ్ళినవారికి: విడువవలసినదానిని ఎవరో లాగికొనకముందే మీ చేతులతోనే దీవించి ఇయ్యుడి. పొలము పెత్తనమైనను, సంఘములో కోశాధికారి పుస్తకమైనను, వంటింటి తాళపుచెవియైనను సరే. అయితే మీ ప్రార్థనను, మీ సంతోషమును, మీ చేతనైన పనిని ఎవరికిని ఇచ్చివేయకుడి. మోషే నూటయిరువది యేండ్లకు కొండయెక్కి, తాను ప్రవేశింపని దేశమును చూచి, యెహోషువమీద చేతులుంచినవాడై కన్నుమూసెను. కాలెబు ఎనుబదియైదేండ్లకు తనకు కొండసీమ కావలెనని అడిగెను. దేవుడు ఒకనికి విడుచు కృపయు, మరియొకనికి అడుగు కృపయు ఇచ్చెను. మీకు ఏది కావలెనో ఆయననే అడుగుడి. సహాయము కావలసినచోట సిగ్గుపడక నోరు తెరచి అడుగుడి. గొణుగుకొనుచు కూర్చుండుటకంటె అడుగుట మేలు.

కొడుకులకు, కోడండ్రకు, కుమార్తెలకు: తలిదండ్రులను గూర్చి తీర్మానించుటకు ముందు వారిని కూర్చుండబెట్టి అడుగుడి. ఎక్కడ నుందువు? ఎవరితో నుందువు? నీ పింఛను నీ చేతికిత్తునా, దాచిపెట్టుదునా? ఏ పని నీకు ఇష్టము? ఈ నాలుగు మాటలకు ఖర్చు లేదు. అమ్మ పింఛను అమ్మది. మనుమనికి మిఠాయి కొనిపెట్టుటకు అవ్వ చేతిలో పది రూపాయలుండుట ఎంత గౌరవమో ఆమెనే అడుగుడి. పదియాజ్ఞలలో సన్మానము అనునది అన్నపు గిన్నెతో ముగిసిపోవునది కాదు.

సంఘమునకు: ముసలివారి కొరకు ప్రార్థించుట మంచిదే. వారిచేత మన కొరకు ప్రార్థన చేయించుకొనుట మరి మంచిది. మోకాళ్ళు వంగనివాడు కూర్చుండి ప్రార్థింపగలడు. కండ్లు కనబడని అవ్వ కంఠస్థముగా తెలిసిన కీర్తనలను ఆదివారపు బడి పిల్లలకు నేర్పగలదు. ముసలివారిని గోడకు చేరవేసిన సంఘము తన జ్ఞాపకశక్తిని గోడకు చేరవేసినదే.

ఐడా అమ్మగారు మూడు తలుపుచప్పుళ్ళు విని తన జీవితమును ఇచ్చివేసెను. ఇప్పుడు మన వీధిలో కూడ తలుపుచప్పుడు వినబడుచున్నది. ఈసారి తట్టుచున్నది బయటివారు కాదు, మన ఇంటిలోపలి గదిలో మంచముమీద కూర్చున్నవారు. వారికి మందుబిళ్ళయు, ముద్దయు ఇచ్చి తలుపు మూయవద్దు. కొంతసేపు కూర్చుండి వినుడి.

ఇంటి ప్రార్థనలో ఆలోచించుటకు: మన ఇంట పెద్దవారిని మనము చివరిసారి ఎప్పుడు సలహా అడిగితిమి? పెద్దవారమైన మనము ఇంకను పట్టుకొనియున్నది ఏమి? ఎవరి సహాయమును గర్వముచేత వద్దనుచున్నాము?

ప్రార్థన: మా పితరుల దేవా, బాల్యమందు మమ్మును ఎత్తుకొన్నవాడవు, తల నెరసిన దినమందు మమ్మును దింపివేయకుము. విడువవలసినది విడుచుటకు మనస్సును, ఉంచుకొనవలసినది ఉంచుకొనుటకు బలమును, పుచ్చుకొనవలసినది పుచ్చుకొనుటకు వినయమును మా పెద్దలకు దయచేయుము. వారి మాట వినుటకు మాకు చెవులిమ్ము. మా ఊళ్ళలో ఒంటరిగా దీపము పెట్టుకొను ప్రతి అవ్వకును తాతకును నీవే తోడుండుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.